ఆధార్ నంబర్‌ను హాష్ చేసి దాస్తే చాలదా?

డేటాబేస్‌లో ఆధార్ నంబర్లను ఎస్‌హెచ్‌ఏ-256తో హాష్ చేశాం (అంటే వెనక్కి తిప్పలేని సంకేతంగా మార్చాం), డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ (డీపీడీపీ) చట్టానికి ఇది సరిపోతుందా అని కదా మీ ప్రశ్న. సరిపోదు. చట్టం సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి.

ఆధార్‌లో ఉన్నవి 12 అంకెలు. మొదటిది 0 గానీ 1 గానీ కాదు. చివరిది వెర్హోఫ్ పద్ధతిలో ముందరి 11 అంకెల నుంచి వచ్చే చెక్ అంకె, దాన్ని ఊహించే పనే లేదు. ఇక మిగిలేవి 8,000 కోట్ల నంబర్లు. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 100 కోట్ల హాష్‌లే కడుతుందనుకున్నా (నిజానికి ఇంకా ఎక్కువే) 80 సెకన్లలో అన్నిటికీ హాష్‌లు కట్టి మీ టేబుల్‌తో పోల్చడం అయిపోతుంది. మీ టేబుల్ ఎవడికైనా చిక్కితే టీ చల్లారేలోపు నంబర్లన్నీ వాడి చేతిలో ఉంటాయి.

హాష్ కట్టేముందు వరుసకో సాల్ట్ (ఎలాపడితే అలా పుట్టించిన అదనపు ముక్క) కలిపినా, ఆ సాల్ట్ కూడా అదే టేబుల్లో ఉంటుంది. మనిషికి మళ్లీ 80 సెకన్లు. పైగా "ఈ నంబర్ ముందే నమోదైందా" అని వెతకడం కుదరదు.

ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ 2017లోనే ఆధార్ డేటా వాల్ట్ పెట్టమంది. నంబర్ అక్కడొక్క చోటే ఉండాలి, మిగతా టేబుళ్లన్నిటిలో దాని బదులు ఒక రిఫరెన్స్ కీ మాత్రమే తిరగాలి. వాల్ట్‌లో మూడు కాలమ్‌లు చాలు: నంబర్‌తో సంబంధం లేకుండా పుట్టించిన యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య (ఇదే రిఫరెన్స్ కీ), ఏఈఎస్-256-జీసీఎం పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసిన నంబర్, వెతకడానికి యూనిక్ ఇండెక్స్ ఉన్న హెచ్‌మ్యాక్ (రహస్య కీ కలిపి కట్టే హాష్). ఎన్‌క్రిప్షన్‌కూ హెచ్‌మ్యాక్‌కూ వేర్వేరు కీలు, రెండూ కీలను బయటికి రానివ్వని హెచ్‌ఎస్‌ఎం అనే పరికరంలోనే. హెచ్‌మ్యాక్ కీని కాన్ఫిగ్ ఫైల్లో పెట్టి కోడ్ దాచే గిట్‌లోకి తోశారా, మళ్లీ కథ మొదటికే. జీసీఎంలో 12 బైట్ల నాన్స్ (ప్రతి ఎన్‌క్రిప్షన్‌కూ కొత్తగా వేసే విలువ) ఒకే కీతో రెండోసారి వాడకూడదు, వాడితే ఆ రక్షణే కూలుతుంది. స్క్రీన్ మీద చివరి 4 అంకెలే చూపించండి.

ఇంత చేసినా నంబర్ బయటికి పొక్కేది మాత్రం ఎక్కువగా లాగ్‌లోంచే, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలోంచే. యూఆర్‌ఎల్‌లో నంబర్ పంపితే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని యాక్సెస్ లాగ్‌లో రాసేస్తుంది. ఎర్రర్ వస్తే కొన్ని ఎర్రర్ ట్రాకర్లు రిక్వెస్ట్ మొత్తాన్ని ఎత్తుకుపోతాయి. 2025 నవంబరు డీపీడీపీ నిబంధనలు లాగ్‌లను ఏడాది ఉంచమంటున్నాయి, అంటే అందులో జారిన నంబర్ కూడా ఏడాది ఉంటుంది. రాయకముందే వడకట్టండి. 12 అంకెలకు రెజెక్స్ (వెతికే నమూనా) రాస్తే దేశపు కోడ్ 91తో మొదలయ్యే మొబైల్ నంబర్లూ దొరుకుతాయి. వెర్హోఫ్ తనిఖీ పెడితే అలాంటివి పదింట తొమ్మిది తప్పుకుంటాయి. నాలుగేసి అంకెల మధ్య ఖాళీలతో రాసే వాళ్లనూ మరవకండి.

తగిన భద్రత లేక డేటా పోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అయినా జిమ్ సభ్యత్వానికి కూడా ఆధార్ అడిగే ఫారాలు ఆగవు! మీకు వయసు ఒక్కటే కావాలంటే ఆధార్ కాలమ్‌నే తీసేయండి. తీసేసినా పాత బ్యాకప్‌లలో అది అలాగే ఉంటుంది, వాటి గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకోండి.