సీసం బుల్లెట్ వేస్తే పిస్టల్ ఎందుకు మొరాయిస్తుంది?

సందేహం: షూటింగ్ రేంజ్‌లో పోత పోసిన సీసం బుల్లెట్లు వాడుతున్నాం. రివాల్వర్‌లో ఏ గొడవా లేదు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో మాత్రం స్లైడ్ (బ్యారెల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే పైభాగం) చివరిదాకా రాకుండా వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతోంది. రాగి తొడుగున్న బుల్లెట్లతో ఈ ఇబ్బంది లేదు. సీసం మెత్తగా ఉండటమే కారణమా? ఇంకా గట్టి మిశ్రమం కొనమంటారా?

జవాబు: కొనకండి, ముందు కొలతలు చూడండి. రివాల్వర్‌లో ప్రతి రౌండునూ (లోహపు కేసులో తుపాకి మందు నింపి, మూతిలో బుల్లెట్ బిగించిన తూటాను) మీరే చేత్తో గదిలో పెడతారు. పిస్టల్‌లో ఆ పని స్లైడ్‌ది. మ్యాగజైన్ పెదవుల మధ్య నుంచి రౌండును తోసుకొచ్చి, ఫీడ్ ర్యాంప్ అనే ఏటవాలు ఎక్కించి, చాంబర్‌లో (బ్యారెల్ వెనక చివర రౌండు పేలే గదిలో) కూర్చోబెట్టాలి. రౌండు ముక్కు ర్యాంప్ దగ్గరే తన్ని ఆగితే బుల్లెట్ ఆకారాన్నో మ్యాగజైన్‌నో అనుమానించాలి. మీ పిస్టల్‌లో రౌండు దాదాపు లోపలికి వెళ్లాకే ఆగుతోంది కాబట్టి తేడా లావులోనో పొడవులోనో ఉంది.

9 మి.మీ. పిస్టల్ రౌండులో తొడుగు బుల్లెట్ వ్యాసం సాధారణంగా 0.355 అంగుళాలైతే, సీసం బుల్లెట్‌ను 0.356కి చేస్తారు. .45 ఏసీపీ అనే ఇంకో రకం రౌండులో 0.451కి బదులు 0.452. బ్యారెల్‌లో సందు లేకుండా పట్టాలనే ఆ కాస్త ఎక్కువ. దాంతో కేసు కొద్దిగా ఉబ్బుతుంది. బుల్లెట్ భుజం (పూర్తి లావున్న భాగం ముందు అంచు) కేసు దాటి ముందుకొస్తే రైఫ్లింగ్‌కు, అంటే బ్యారెల్ లోపలి మెలి గాడులకు, ముందే తగులుతుంది. పైగా 9 మి.మీ., .45 ఏసీపీ రౌండ్లు రెండూ చాంబర్‌లో కేసు మూతి అంచు మీదే ఆగుతాయి. బుల్లెట్ కూర్చోబెట్టడానికి విప్పార్చిన మూతిని మళ్లీ సరిగ్గా నొక్కకపోయినా (ఈ నొక్కడమే క్రింప్), అక్కడ సీసం తురుము రింగులా పేరుకున్నా స్లైడ్ మూసుకోదు.

తేల్చుకోవడం తేలికే. పిస్టల్ ఖాళీ చేసి, బ్యారెల్ విడదీసి, రౌండును చాంబర్‌లోకి జారవిడవండి. టక్కున దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బ్యారెల్ బోర్లిస్తే దానంతటదే రాలాలి. అలా జరగకపోతే రౌండుకు నల్ల మార్కర్ పూసి మళ్లీ వేయండి. సిరా బుల్లెట్ భుజం మీద చెరిగితే తగులుతున్నది రైఫ్లింగ్. కేసు మూతి దగ్గర చెరిగితే క్రింప్ సరిగా లేదు. భుజం తగులుతోందని బుల్లెట్‌ను ఇష్టమొచ్చినంత లోపలికి దించకండి. కేసులో చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. 9 మి.మీ. లాంటి చిన్న కేసులో అది ప్రమాదకరం. ఆ బుల్లెట్‌కు ప్రచురించిన పొడవు, మందు లెక్క దాటొద్దు. ఆగిపోయిన స్లైడ్‌ను అరచేత్తో కొట్టి మూసే అలవాటు నాకస్సలు నచ్చదు.

ఆకారం సంగతి: గుండ్రటి ముక్కుతో తంటా తక్కువ. 1911 అనే .45 పిస్టల్‌ను 230 గ్రెయిన్ల బరువున్న గుండ్రటి ముక్కు తొడుగు బుల్లెట్‌కే తీర్చిదిద్దారు. మెట్టులాంటి అంచు, చదును ముక్కు ఉన్న సెమీ వాడ్‌కటర్ బుల్లెట్‌ను కొన్ని పాత పిస్టళ్లు ఒప్పుకోవు.

మొదట బాగా పేలి, పోనుపోను మొరాయిస్తుంటే చాంబర్‌లో సీసం బుల్లెట్‌కు పూసే మైనం, మసి చేరాయన్నమాట. బ్రష్‌తో తోమితే సరి. ఇక మీది గ్లాక్ కంపెనీ పిస్టల్ అయితే ఈ తిప్పలేవీ వద్దు; సీసం బుల్లెట్లు వాడొద్దని ఆ కంపెనీయే చెబుతోంది.