రాజీనామా కాగితం అప్పుడే ఇవ్వకు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. పి.ఎం.ఇ.లో, అంటే రైల్వే వాళ్ళు అప్పుడప్పుడూ చేసే వైద్య పరీక్షలో, నీ చూపుకి లోకో పైలట్‌కి ఉండాల్సిన ఎ-1 కేటగిరీ దక్కలేదట. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిందన్నారట. నువ్వేమో "ఇక ఇంజన్ ఎక్కనివ్వరు, రాజీనామా ఇచ్చేసి మా బావమరిదితో షాపు చూసుకుంటా" అంటున్నావట. షాపు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. రైల్వే సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ బ్రాంచిలో నా ఉద్యోగమంతా సెటిల్‌మెంట్ ఫైళ్ళతోనే, అంటే దిగిపోయేవాళ్ళకు రావాల్సిన డబ్బు లెక్కలతోనే, గడిచింది గనక, ముందు నేను చెప్పేది పూర్తిగా చదువు.

రైల్వే నుంచి బయటికి రావడానికి నాలుగైదు దారులున్నాయి. ఏ దారిన వచ్చావన్నదాన్ని బట్టి చేతికొచ్చేది మారిపోతుంది. అన్నిట్లోకీ నష్టమైన దారి రాజీనామా. అది ఇస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు లెక్కలోంచి పోతుంది. గ్రాట్యుటీ ఉండదు. రిటైరయ్యేవాడికి 300 రోజుల దాకా సెలవు డబ్బు వస్తే, రాజీనామా చేసినవాడికి ఎల్.ఏ.పి. (పూర్తి జీతంతో వాడుకునే సెలవు) నిల్వలో సగానికే, అదీ 150 రోజులు మించకుండా ఇస్తారు. నువ్వు 2008లో చేరావు కాబట్టి నీది ఎన్.పి.ఎస్., అంటే నెలనెలా వాటా కట్టే జాతీయ పెన్షన్ పథకం. అందులో అరవై ఏళ్ళకు దిగేవాడు 60 శాతం దాకా చేతికి తీసుకోవచ్చు. మధ్యలో రాజీనామా చేసి వదిలేసేవాడు 80 శాతంతో యాన్యుటీ (విడతలుగా పెన్షన్‌లా వచ్చే పథకం) కొనాల్సిందే, చేతికి 20 శాతమే. మొన్న హామీ పెన్షన్ ఇచ్చే యు.పి.ఎస్.కి (ఏకీకృత పెన్షన్ పథకం) మారి ఉన్నా సరే, రాజీనామా చేసినవాడికి ఆ హామీ పెన్షన్ వర్తించదు.

అసలు నీ కేసులో ఆ కాగితం అవసరమే లేదు. ఎ-1 పోయినంత మాత్రాన ఉద్యోగం పోదు. డాక్టర్లు నిన్ను కింది కేటగిరీలైన బి-1కో సి-1కో ఫిట్ అని రాస్తారు, దాన్నే డీకేటగరైజ్ చేయడం అంటాం. ఆ తర్వాత నీకు వేరే పోస్టు వెతకాల్సిన బాధ్యత ఆఫీసుది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ణి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే పే స్కేలుతో వేరే పోస్టుకి మార్చాలి. పోస్టు ఖాళీ లేకపోతే సూపర్‌న్యూమరరీ (లెక్కకి మించిన అదనపు) పోస్టు సృష్టించి అందులో ఉంచాలి, తగిన పోస్టు దొరికేదాకా గానీ, రిటైరయ్యేదాకా గానీ. 1995 చట్టంలోనూ 47వ సెక్షన్‌లో ఇదే ఉండేది, కొత్త సంగతేం కాదు. అయినా మన రన్నింగ్ స్టాఫ్‌లో, అంటే రైళ్ళు నడిపే సిబ్బందిలో, చాలామంది "అన్‌ఫిట్" మాట వినగానే కంగారుపడిపోతారు.

జీతం మాటకొస్తే, స్టేషనరీ పోస్టులో (రైలెక్కకుండా ఒకచోట ఉండి చేసే పని) నీ పే ఫిక్స్ చేసేటప్పుడు బేసిక్‌కి 30 శాతం కలుపుతారు, రన్నింగ్ స్టాఫ్‌వి కాబట్టి. రైలు నడిపిన దూరాన్ని బట్టి ఇచ్చే కిలోమీటర్ అలవెన్స్ మాత్రం పోతుంది. అది చిన్న మొత్తం కాదని నాకూ తెలుసు, ఇంటి లోన్ దానిమీద లెక్కేసుకుని ఉంటే కొన్నాళ్ళు ఇబ్బంది పడతావు. రన్నింగ్‌లోనే ఉండి రిటైరైతే సెటిల్‌మెంట్ లెక్కకి బేసిక్‌పై 55 శాతం కలిపేవాళ్ళు, స్టేషనరీలో రిటైరయ్యేవాడికి అది ఉండదు. ఈ రెండూ పోయినా, నెలనెలా జీతం, ఆసుపత్రి, పాసులు మిగులుతాయి. నీకు ఏ పోస్టు సరిపోతుందో తేల్చే స్క్రీనింగ్ కమిటీ పిలిచినప్పుడు క్రూ కంట్రోలర్ (సిబ్బందికి డ్యూటీలు వేసేవాడు), పవర్ కంట్రోలర్ (ఇంజన్లు కేటాయించేవాడు) లాంటి పోస్టులు అడుగు. ఇంజన్ తెలిసినవాడు డ్యూటీలు వేసే లాబీలో పనికొస్తాడు, వాళ్ళకీ అది తెలుసు. సీనియారిటీ కూడా పాత గ్రేడులో చేసిన సర్వీసుని బట్టే ఇవ్వాలి, కొత్తగా చేరినవాడిలా అడుగున వేస్తే ఊరుకోకు, వెంటనే రాసి ఇవ్వు.

ఇక నేను గట్టిగా చెప్పేది ఇరవై ఏళ్ళ గీత గురించి. స్వచ్ఛంద రిటైర్‌మెంట్ అడగాలంటే 20 ఏళ్ళ క్వాలిఫయింగ్ సర్వీసు (రిటైర్‌మెంట్ లెక్కలోకి వచ్చే సర్వీసు), మూడు నెలల నోటీసు కావాలి. రిటైరయ్యాక రైల్వే ఆసుపత్రి వైద్యం దక్కే ఆర్.ఇ.ఎల్.హెచ్.ఎస్.కీ మామూలుగా 20 ఏళ్ళే. రిటైరైనవాళ్ళకిచ్చే ఉచిత ప్రయాణ పాసులకీ అంతే. నీకు 2028 దాకా ఆ గీత రాదు. షుగర్, కళ్ళు, రేపు కిడ్నీలు ఏమంటాయో, లాలాగూడ ఆసుపత్రికి ఇవాళ ఊరికే వెళ్ళగలిగినవాడివి ఆ హక్కుని గీత చేరకముందే వదులుకోవడం నాకు ఏ లెక్కలోనూ సరిగ్గా కనిపించడం లేదు. బావమరిది షాపు మాత్రల బిల్లు కట్టదు! యు.పి.ఎస్.లో ఉంటే ఇంకో మెలిక ఉంది: స్వచ్ఛంద రిటైర్‌మెంట్‌కి 25 ఏళ్ళు కావాలి, పెన్షన్ కూడా నీ అసలు రిటైర్‌మెంట్ వయసు వచ్చాకే మొదలవుతుంది.

ఒకవేళ చూపు ఇంకా దిగజారి, ఏ కేటగిరీకీ పనికిరావని మెడికల్ బోర్డు తేల్చి ఇన్‌వాలిడేట్ చేసిందనుకో. అప్పుడు ఎన్.పి.ఎస్. వాళ్ళకీ పాత పెన్షన్ రూల్స్ కింద ఇన్‌వాలిడ్ పెన్షన్ తీసుకునే వీలుంది. అలా తీసుకుంటే ఖాతాలో సర్కారు వాటా వెనక్కి పోతుంది, నీ వాటా నీకొస్తుంది. దీనికి ఆప్షన్ ఫారం ఉంటుంది. అది నీ సర్వీస్ రికార్డులో ఉందా, అందులో ఏ ఆప్షన్ టిక్ చేశావు, ముందు అది చూడు. అందుకే చెప్తున్నా, బోర్డు రాసే మాట బోర్డుని రాయనివ్వు. నీ అంతట నువ్వు "ఆరోగ్య కారణాల వల్ల రాజీనామా" అని రాసిచ్చావంటే అది మామూలు రాజీనామాయే, ఇన్‌వాలిడేషన్ కాదు.

ఈ టైంలో నీ దగ్గరికి ఎవరో ఒకరు వస్తారు, "నువ్వు దిగిపో, మీవాడికి ఉద్యోగం ఇప్పిస్తా" అంటూ. ఉద్యోగి ముందే దిగిపోతే అతని పిల్లలకు ఉద్యోగమిచ్చిన లార్స్‌గెస్ స్కీము 2017 అక్టోబర్ 27 నుంచి మూతపడిందని రైల్వే బోర్డే ఉత్తర్వు ఇచ్చింది. ఆ పేరు చెప్పి డబ్బడిగితే ఇంటి గుమ్మం ఎక్కనివ్వకు. వైద్య కారణాల మీద కారుణ్య నియామకాలకు వేరే నిబంధనలున్నాయి, అవి ఎంత సర్వీసు మిగిలిందన్నదానిమీద, డాక్టర్ల రిపోర్టు మీద ఆధారపడతాయి. అది పర్సనల్ బ్రాంచిలోనే అడుగు, టీ కొట్టు దగ్గర కాదు.

డ్యూటీలో తగిలిన దెబ్బల సంగతి వేరు, నీకు అక్కర్లేదు. మీ ట్రాక్‌మన్ స్నేహితులకు మాత్రం చెప్పు: దెబ్బ తగిలిన రోజే రికార్డులో రాయించుకోవాలి, 1923 నష్టపరిహార చట్టం కింద క్లెయిముకు రెండేళ్ళే గడువు.

ఇప్పుడు నువ్వు ఇంట్లో కూర్చుని ఉన్నావట, అది ఆపు. మెడికల్ సర్టిఫికెట్ లేని జీతం లేని సెలవు క్వాలిఫయింగ్ సర్వీసులోకి రాదు. ఆబ్సెంట్ అయితే ఇంకా చిక్కు. సోమవారమే రైల్వే డాక్టర్ దగ్గర రిపోర్టు చేసి సిక్ లిస్టులో ఉండు, ప్రతి మెమోకీ జిరాక్సు పెట్టుకో. వైకల్యం శాతం తేల్చే సదరం శిబిరానికి స్లాట్ బుక్ చేసుకో, 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ సర్టిఫికెట్ పాత పద్ధతి ఇన్‌కంటాక్స్‌లోనూ పనికొస్తుంది. హెచ్.ఆర్.ఎం.ఎస్.లో (రైల్వే ఉద్యోగుల వివరాలుండే ఆన్‌లైన్ పోర్టల్) నీ సర్వీస్ రికార్డు తెరిచి చేరిన తేదీ, సెలవులు, నామినీ పేర్లు సరిచూసుకో. మా కోడలి పేరు పెళ్ళికి ముందు ఇంటిపేరుతోనే ఉందేమో చూడు, సగం ఫైళ్ళు అక్కడే ఆగుతాయి.

ఆదివారం కాజీపేట రా. మెడికల్ మెమో, ఆర్నెల్ల పే స్లిప్పులు, ఎన్.పి.ఎస్. స్టేట్‌మెంట్ తెచ్చుకో. స్క్రీనింగ్ కమిటీకి ఇవ్వాల్సిన అర్జీ ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఇట్లు,
మీ మామయ్య