చెవి హోరు, తల తిరుగుడుకు వేరే చికిత్సలు పనికొస్తాయా?

ప్రశ్న: నా వయసు 52. మూడేళ్లుగా మినియర్స్ వ్యాధికి (లోపలి చెవి జబ్బు) బీటాహిస్టిన్ మాత్రలు, గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నాను. ఎడమ చెవిలో ఎప్పుడూ హోరు, అప్పుడప్పుడు గంటల తరబడి తల తిరుగుడు. జింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలు, ఆక్యుపంక్చర్, చెవిలో నూనె వేయించుకోవడం మేలు చేస్తాయంటున్నారు. ఇవి మొదలుపెట్టి మందులు ఆపేయవచ్చా?

జవాబు: మీ అంతట మీరు ఏ మందూ ఆపవద్దు, ముఖ్యంగా ఆస్పిరిన్. ఈ జబ్బు కొన్నాళ్లు ఉద్ధృతమై, మరికొన్నాళ్లు దానంతటదే నెమ్మదిస్తుంది. బాగా ఇబ్బంది పడుతున్నప్పుడే ఎవరైనా కొత్త చికిత్స వెతుక్కుంటారు కాబట్టి, ఆ తర్వాత సహజంగా కలిగిన ఉపశమనం కూడా దాని ఖాతాలోకే వెళుతుంది. మేము రాసే మందులకూ ఇది వర్తిస్తుంది: 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో బీటాహిస్టిన్ వాడినవారికీ, మందు లేని మాత్రలు వేసుకున్నవారికీ తల తిరుగుడు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందువల్ల ఆ మాత్రలు మీకు ఎంతవరకు ఉపయోగపడుతున్నాయో మీ ఈఎన్‌టీ వైద్యుడినే అడిగి తేల్చుకోండి.

జింకో చెవి హోరును తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. పైగా ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు కనుక మీరు దాని జోలికి వెళ్లకండి. చెవిలో వేసిన నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది, జబ్బు ఉన్నది దానికి లోపల. ఆక్యుపంక్చర్‌కు ఆధారాలు బలహీనమే, అయినా శిక్షణ ఉన్నవారు శుభ్రమైన కొత్త సూదులతో చేస్తే సాధారణంగా పెద్ద హాని ఉండదు.

నేను మనస్ఫూర్తిగా సూచించేది వెస్టిబ్యులర్ వ్యాయామాలు, అంటే శరీరం తూలకుండా నిలదొక్కుకోవడానికి చేసే కసరత్తులు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, గోరు మీద నుంచి చూపు మరల్చకుండా తలను కుడి ఎడమలకు తిప్పడం వీటిలో ఒకటి. మొదట్లో కాస్త తూలినట్లు అనిపిస్తుంది. ఆ తూలుడుకు అలవాటు పడుతూనే మెదడు చెవి లోపాన్ని సర్దుకోవడం నేర్చుకుంటుంది. తల తిరుగుడు వచ్చిన సమయంలో కాకుండా, మధ్యలో నడక తడబడుతూ ఉండే రోజుల్లో, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో చేయాలి. ఇక హోరు విషయంలో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) శబ్దాన్ని తీసివేయదు, కానీ అది కలిగించే ఆందోళనను నిజంగానే తగ్గిస్తుంది.

వినికిడి అకస్మాత్తుగా పడిపోతే మాత్రం ఏ ప్రయోగమూ చేయకుండా వెంటనే ఈఎన్‌టీ వైద్యుడిని కలవండి. స్టెరాయిడ్ చికిత్స తొలి రెండు వారాల్లో, ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. తల తిరుగుడుతో పాటు మాట తడబడినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు, క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.