నిద్రమాత్రలు, నొప్పి మాత్రలకు బానిసయ్యే ప్రమాదం ఎవరికి ఎక్కువ?

విశాఖలో ఈ మాట ఎత్తితే అందరికీ గుర్తొచ్చేది దగ్గు మందు తాగే కుర్రాళ్లే. అది సగం నిజం. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం 10–75 ఏళ్లవాళ్లలో 1.08 శాతం మంది వైద్య అవసరం లేకుండా నిద్ర, మత్తు మాత్రలు వాడుతున్నారు.

ఇళ్లలో జరిగేది చడీచప్పుడు లేని వ్యవహారం. ఎప్పుడో రాసిచ్చిన ఆల్ప్రాజోలం అనే ఆందోళన, నిద్ర మాత్ర, అదే పాత చీటీతో నెలలు గడిచిపోతాయి. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే చాలు, ఒళ్లు అలవాటు పడుతుంది. తర్వాత ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పట్టదు, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా. అందుకే డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

మద్యం అలవాటు, ఆందోళన, కుంగుబాటు, ఏళ్లనాటి నొప్పి ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. స్టీల్‌ప్లాంటు, పోర్టు లాంటిచోట్ల నైట్ షిఫ్టులు చేసేవాళ్లూ జాగ్రత్తపడాలంటాను. నిద్ర చెడినప్పుడు మాత్రే సులువుగా తోస్తుంది. మద్యంతో కలిపి ఆ మాత్ర వేసుకుంటే ఊపిరే ఆగిపోవచ్చు. పెద్దవయసువాళ్లయితే తూలి పడతారు.

నొప్పి మాత్ర ట్రమడాల్‌ను 2018లోనే మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చారు. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన షెడ్యూల్ హెచ్1 జాబితా మందులు అమ్మితే దుకాణదారు రోగి పేరు రిజిస్టర్లో రాయాలి. చీటీ అడగని దుకాణం మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

సాయం కావాలంటే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఫోన్లో అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416.