పాఠకుల ప్రశ్నలు: వేటలో గుడ్లగూబ ఎదురైతే

వేటకు లైసెన్సు ఇచ్చే దేశాల్లో, ముఖ్యంగా ఉత్తర అమెరికాలో ఉంటున్న పాఠకులు పంపిన ప్రశ్నలివి. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేటకు తావు లేదు. అయినా అడవిలో కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లకు వీటిలో చాలా జవాబులు పనికొస్తాయి.

ప్రశ్న: కొయోటీల (నక్కలాంటి ఉత్తర అమెరికా అడవి జంతువుల) కోసం పొద్దుగూకే వేళ కుందేలులా అరిచే పీక ఊదుతుంటే, కొయోటీ రాలేదు గానీ వెనక నుంచి పెద్ద గుడ్లగూబ వచ్చి టోపీ మీద తన్నింది. రెక్కల చప్పుడే వినపడలేదు. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?

జవాబు: అది మీ మీద పగబట్టి రాలేదు. మీరు పిలిచారు, వచ్చింది. ప్రాణభయంతో అరుస్తున్న కుందేలు గొంతు మీ నోటి దగ్గరి నుంచే వస్తోంది. ఆకుల మధ్య మీ ఒళ్లు కనపడదు, తల మాత్రం కాస్త కదులుతూ ఉంటుంది. టోపీకి బొచ్చు అంచు ఉన్నా, వెనక జుట్టు ముడి వేలాడుతున్నా గుడ్లగూబ కంటికి అది కుందేలే.

చప్పుడు వినపడకపోవడానికి కారణం దాని ఈకల్లో ఉంది. రెక్క ముందు అంచున ఉన్న ఈకకు దువ్వెన పళ్లలాంటి సన్నని పోగులుంటాయి. వెనక అంచు చిరిగిన కుచ్చులా ఉంటుంది. ఈక పైభాగం ముఖమల్‌లా మెత్తగా ఉండి, ఒకదానితో ఒకటి రాసుకున్నా సవ్వడి రానివ్వదు. దానికి తోడు ఒంటి బరువుతో పోలిస్తే రెక్కలు చాలా పెద్దవి కాబట్టి గట్టిగా కొట్టుకోవలసిన అవసరం కూడా తక్కువ. అందుకే 'వస్తే వినపడుతుందిలే' అనుకోవడం పనికిరాదు.

దాని వినికిడి మాత్రం మనం ఊహించలేనంత నిశితం. బార్న్ అవుల్‌కు ఎడమ చెవి రంధ్రం కుడిదానికంటే కాస్త పైన ఉంటుంది. శబ్దం రెండు చెవులకూ చేరడంలో ఉండే ఆ తేడాతోనే ఎలుక ఎటు ఉందో, ఎంత ఎత్తులో ఉందో కటిక చీకట్లో కూడా ఒకటి రెండు డిగ్రీల తేడాలో పసిగడుతుంది. మీ టోపీ మీద తన్నింది గ్రేట్ హార్న్‌డ్ అవుల్ అయ్యుంటుంది. దాని నెత్తిన కొమ్ముల్లా నిలబడేవి చెవులు కావు, ఉత్త ఈకల కుచ్చులు. అసలు చెవులు ముఖం పక్కన ఈకల కింద దాగి ఉంటాయి.

ఇక చేయవలసింది. నోటి పీక మానేసి, రిమోట్‌తో పనిచేసే కాలర్‌ను (జంతువుల అరుపులు వినిపించే యంత్రాన్ని) మీకు 30 నుంచి 50 అడుగుల దూరంలో పెట్టండి. దాని పక్కనే బొచ్చు ముక్క అటూ ఇటూ ఆడించే దీమపు బొమ్మ ఉంచితే పక్షి చూపు అక్కడికే పోతుంది. ఈ ఒక్క మార్పుతో చాలామటుకు సమస్య తీరుతుంది. నోటి పీకే కావాలంటే వీపు వెనక మీకంటే వెడల్పైన చెట్టు మానుండేలా కూర్చోండి, ఎందుకంటే అది ఎక్కువగా వెనక నుంచీ పక్క నుంచీ వస్తుంది. బొచ్చు టోపీ వద్దు. గట్టి అంచున్న టోపీ పెట్టుకోండి, కళ్లద్దాలు తప్పనిసరి. నెత్తి మీద గీతలు మానతాయి, కన్ను పోతే రాదు.

గుడ్లగూబ వచ్చి దగ్గరి కొమ్మ మీద వాలిందంటే వెంటనే పీక ఆపేయండి. చెయ్యి పైకెత్తి మామూలు గొంతుతో మాట్లాడితే మనిషని గ్రహించి వెళ్లిపోతుంది. అక్కడే మళ్లీ ఊదితే మళ్లీ వస్తుంది. కనీసం అర కిలోమీటరు జరిగి కొత్త చోట మొదలుపెట్టండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం ఇంకో కారణం ఉండవచ్చు. ఈ జాతి చలికాలంలోనే గుడ్లు పెడుతుంది. పీక ఊదకపోయినా ఒకే చోట పదేపదే మీద పడుతోందంటే దగ్గర్లో గూడు ఉన్నట్టే. ఆ చెట్టునూ, ఆ దారినీ ఆ ఏటికి వదిలేయాలి.

గోరు దిగితే గాయం పైకి చిన్నదిగా కనపడుతుంది, లోపల లోతుగా ఉంటుంది. కుళాయి నీళ్ల కింద సబ్బుతో కడిగి, టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పండి. ఎర్రబడి వాచేదాకా ఆగవద్దు.

ప్రశ్న: అడవి టర్కీ వేటలో తెల్లవారుజామున గుడ్లగూబ కూత కూస్తే టర్కీ పుంజు బదులిస్తుందంటారు. నేను కూస్తే పుంజు పలకలేదు, నిజం గుడ్లగూబలు రెండు వచ్చి తలపైనే గోల మొదలుపెట్టాయి. ఎక్కడ పొరపాటు?

జవాబు: ఎక్కువసార్లు కూసి ఉంటారు. వసంతకాలంలో టర్కీ పుంజు పెద్ద చప్పుడేది విన్నా ఉలిక్కిపడి అరుస్తుంది. బారెడ్ అవుల్ కూత అందుకు వాడే పనిముట్టు మాత్రమే. 'హూ హూ హు-హూ, హూ హూ హు-హూఆ' అని ఎనిమిది స్వరాలు, చివరిది కిందికి జారుతుంది. వెలుగు రేఖలు వచ్చే ముందు ఒక్కసారి కూసి, చెవి పెట్టి వినాలి. బదులు రాకపోతే కొన్ని నిమిషాలాగి ఇంకొక్కసారి. అంతే.

నాలుగైదుసార్లు కూస్తే అక్కడ కాపురముంటున్న గుడ్లగూబ జంటకు మీరు వాళ్ల హద్దులోకి చొరబడ్డ పరాయి గుడ్లగూబ. టర్కీ సీజను, వాటి గూడు కాలం ఒకటే. మిమ్మల్ని తరమడానికి గుడ్ల మీద నుంచి లేచి వస్తే గుడ్లు చల్లబడతాయి. మీ వేట పాడు కావడం కంటే ఇదే పెద్ద నష్టం. నిజం గుడ్లగూబలు ముందే కూస్తుంటే మీరు నోరు విప్పనే అక్కర్లేదు, పుంజు వాటికే పలుకుతుంది. పలికిందా, ఇక గుడ్లగూబ కూత కట్టేయండి.

ప్రశ్న: కొట్టిన పూరేడు పిట్టను కుక్క తెచ్చేలోపు గద్ద తన్నుకుపోయింది. గాల్లోకి కాల్చి బెదిరించవచ్చా?

జవాబు: వద్దు. పిట్ట గద్దది అయిపోయిందనుకోండి. కాల్పు వినగానే పారిపోయే గద్దలున్నాయి, కుక్కలు లేపే పిట్టల కోసం వేటగాళ్ల వెంటే తిరిగే గద్దలూ ఉన్నాయి. మీది రెండో రకమైతే ఆ పొలం వదిలి ఇంకో పొలానికి పోవడం మేలు, ఎందుకంటే పైన గద్ద తిరుగుతున్నంతసేపూ పూరేళ్లు గడ్డిలో నక్కి లేవవు. కుక్క ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్లినా కదలవు. గద్ద తీసుకుపోయినా ఆ పిట్ట మీరు చంపిందే కాబట్టి రోజుకు ఇన్నే కొట్టాలన్న పరిమితి లెక్కలో కలుపుకోండి.

బాతుల వేటలో నీటి మీద పెట్టిన దీమపు బాతుల మీదకీ డేగలు దూకుతాయి. రెక్కలు తిరిగే మోటారు బొమ్మ ఉంటే మరీను. డేగ కనపడగానే మోటారు ఆపేయండి. కుక్కను 'కూర్చో' మాట మీద కదలకుండా ఉంచడం ముందే నేర్పి ఉండాలి. దీమపు బాతుల దారం కాళ్లకు చుట్టుకుని నీళ్లలో కొట్టుకుంటున్న డేగ దగ్గరికి కుక్క పోతే ఇద్దరికీ ప్రమాదమే.

ప్రశ్న: రాత్రి లైటు వేస్తే స్తంభం మీద రెండు కళ్లు మెరిశాయి. అది నక్కో గుడ్లగూబో ఎలా తెలుస్తుంది?

జవాబు: కళ్ల రంగును బట్టి నిర్ణయించకండి. లైటు కోణం మారితే రంగు మారుతుంది. ఒళ్లంతా కనపడి, చెవులు, ముఖం, తోక తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గరు మీదకు పోకూడదు. ఒక గుర్తు చెప్పగలం. గుడ్లగూబ కళ్లు గొట్టాల్లా ఉండి గుంటలో బిగిసి ఉంటాయి, కనుగుడ్డు తిప్పలేదు. అందుకే చూపు మార్చాలంటే తలే తిప్పుతుంది, 270 డిగ్రీల దాకా. ఒళ్లు కదలకుండా కళ్లజత మాత్రం ఒక్కసారిగా మాయమై మళ్లీ వచ్చిందంటే అది గుడ్లగూబే అనుకుని తుపాకీ దింపేయండి.

ప్రశ్న: దారి పక్కన రెక్క వాలిన గుడ్లగూబ దొరికింది. పట్టుకోవడం ఎలా?

జవాబు: ముందు ఫోను. వన్యప్రాణి చికిత్సా కేంద్రానికో, అటవీ అధికారులకో చెప్పి, వాళ్లు పట్టుకోమంటేనే ముట్టుకోండి.

భయపడవలసింది ముక్కుకు కాదు, కాళ్లకు. గుడ్లగూబ పాదం ఒకసారి దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. వేళ్ల దాకా ఈకలు, నాలుగు వేళ్లలో బయటి వేలు వెనక్కి తిరిగి రెండు ముందు, రెండు వెనక అవుతాయి. పెద్ద జాతుల్లో ఒక్కో గోరు సుమారు 3 సెంటీమీటర్లు. కాలు మడిచినకొద్దీ లోపలి నరాలు బిగిసి పిడికిలి తాళం పడ్డట్టు మూసుకుంటుంది. పొరపాటున మీ చెయ్యి చిక్కితే లాగకండి, లాగితే ఇంకా బిగుస్తుంది. చెయ్యి కదపకుండా ఉంచి, రెండోవాళ్ల చేత పక్షి కాలును మెల్లగా తిన్నగా సాగదీయించండి. పట్టు సడలుతుంది.

తోలు గ్లౌజులు వేసుకుని, దుప్పటి గానీ మందపాటి టవలు గానీ వెనక నుంచి తల కప్పేలా వేయండి. చీకటి కాగానే చాలా పక్షులు నెమ్మదిస్తాయి. టవలు మీద నుంచే రెక్కలను ఒంటికి అదిమి, రెండు కాళ్లనూ పట్టుకుని అట్టపెట్టెలో దించాలి. పెట్టె అడుగున పాత టవలు పరచండి, కాళ్లు జారకుండా. పక్కల కింది భాగంలో పెన్సిలు పట్టేంత రంధ్రాలు పది చాలు. ఇనప చువ్వల బోను వాడవద్దు, అందులో కొట్టుకుంటే ఈకలు విరుగుతాయి. ఈక విరిగిన గుడ్లగూబ గాయం మానినా కొత్త ఈక వచ్చేదాకా సరిగా వేటాడలేదు.

చాలామంది జాలితో చేసే తప్పు నోట్లో నీళ్లు పోయడం, మాంసం ముక్క పెట్టడం. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, షాక్‌లో ఉన్న పక్షికి తిండి అరగదు. ఏమీ పెట్టకండి. కారులో రేడియో కట్టేసి, మాటలు తగ్గించి తీసుకెళ్లండి.

గాయం కనపడకుండా తల వణుకుతూ, తూలుతూ ఉంటే బర్డ్ ఫ్లూ కావచ్చు. జబ్బు బాతులను తిన్న డేగలకు, గుడ్లగూబలకు అది సోకుతుంది. అలాంటిదాన్ని ముట్టుకోకుండా ఫోను చేసి చెప్పడమే మంచిది.

ప్రశ్న: మంచె కింద గుడ్లగూబ ఈక దొరికింది. ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: అమెరికాలో కుదరదు. అక్కడి 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం పరిధిలోకి 1972లో గద్దలు, గుడ్లగూబలు కూడా వచ్చాయి. రాలిన ఈకైనా అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోకూడదు. ఫోటో తీసుకుని అక్కడే వదిలేయండి.

ప్రశ్న: జింకను కొట్టాక పేగులు అడవిలోనే వదిలేస్తే గద్దలకు తిండి పెట్టినట్టే కదా. అందులో తప్పేముంది?

జవాబు: తూటా సీసంతో చేసినదైతే పెట్టింది విషం. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిటిలో దీన్నే ముఖ్యమైనదిగా చూస్తున్నాం.

రైఫిలు సీసపు తూటా జింక ఒంట్లో తగిలిన వేగానికి చితికి, కంటికి ఆననంత చిన్నవి సహా వందల తునకలవుతుంది. అవి తూటా దారికి అటూ ఇటూ అంగుళాల దూరం వెళ్లి పేగుల్లో, ఊపిరితిత్తుల్లో ఉండిపోతాయి. మీరు వదిలేసేవి సరిగ్గా అవే. గద్ద కడుపులోని ఆమ్లం సీసాన్ని కరిగిస్తుంది, రక్తంలోకి చేరుస్తుంది. పెద్ద గద్దను చంపడానికి బియ్యపు గింజంత సీసం చాలు. ముందు రెక్కలు వాలిపోతాయి, కాలివేళ్లు ముడుచుకుంటాయి, రెట్ట ఆకుపచ్చగా పడుతుంది, ఆపైన నిలబడలేదు. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో 38 అమెరికా రాష్ట్రాల నుంచి 1,210 బాల్డ్, గోల్డెన్ ఈగిల్స్‌ను (పెద్ద గద్ద జాతులను) పరీక్షిస్తే దాదాపు సగం పక్షుల ఎముకల్లో దీర్ఘకాలంగా సీసం పేరుకుపోయి ఉంది. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది.

రాగి తూటాకు మారండి. అది పువ్వులా విచ్చుకుంటుంది గానీ చితకదు, బరువు దాదాపు అంతా నిలుపుకుంటుంది. మారేటప్పుడు జరిగే పొరపాట్లు మూడు. రాగి సీసం కంటే తేలిక కనుక అదే బరువున్న తూటా పొడవెక్కువై కొన్ని బారెళ్లలో సరిగా నిలవదు. 180 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) సీసం వాడేవారు 150 లేదా 165 గ్రెయిన్ల రాగితో మొదలుపెట్టాలి. రెండోది, బారెల్‌లో పాత మెటల్ పొర పూర్తిగా శుభ్రం చేయకుండా గురి పరీక్షించడం. శుభ్రం చేసి, 100 గజాల దగ్గర గురి మళ్లీ సరిచేసుకోవాలి. మూడోది, దూరం. తగిలేటప్పటికి వేగం సెకనుకు సుమారు 2,000 అడుగుల కంటే బాగా పడిపోతే చాలా రాగి తూటాలు సరిగా విచ్చుకోవు, జంతువు గాయంతో పారిపోతుంది. మీ తూటా పెట్టె మీద రాసిన వేగం పట్టిక చూసి మీ హద్దు ముందే గీసుకోండి.

షాట్‌గన్‌లో సీసం బదులు ఉక్కు గుండ్లు వాడితే రెండు సైజులు పెద్దవి తీసుకోండి, 6వ నంబరు వాడేవారు 4 (నంబరు తగ్గినకొద్దీ గుండు పెద్దది). పాత తుపాకీ అయితే ఉక్కు వాడే ముందు గన్‌స్మిత్‌కు చూపించాలి. బిగువైన చోక్ (బారెల్ చివర ఇరుకు భాగం) దెబ్బతింటుంది.

ఈ సీజనుకు సీసమే మిగిలి ఉంటే పేగులనూ, తూటా దారి చుట్టూ కోసేసిన మాంసాన్నీ సంచిలో వేసి వెంట తెచ్చేయండి. పాతిపెడితే రెండడుగుల లోతు తగ్గకూడదు, పైన రాళ్లు పేర్చాలి. లేకపోతే అదే రాత్రి నక్క తవ్వుతుంది, తెల్లారేసరికి గద్దలు అక్కడుంటాయి. రాగితో కొట్టిన జింక పేగులను మాత్రం నిశ్చింతగా వదిలేయవచ్చు. చలికాలంలో వాటికది నిజంగానే మంచి తిండి.