యౌవనస్థుల కోసం సినిమాల గురించి రాస్తున్న తమ్ముడికి

చిత్తూరు

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

సంఘ పత్రికలో యౌవనస్థుల పేజీకి నువ్వు రాసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. భాష చక్కగా ఉంది. కానీ నువ్వు తప్పుపట్టిన ఆరు సినిమాల్లో ఒక్కదాన్నీ పూర్తిగా చూడలేదని నాకు మూడో పేరాలో తెలిసింది. పదిహేనేళ్ల పిల్లవాడికి మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. నీ వయసులో నేనూ చూడకూడని సినిమాల జాబితా ఒకటి రాశాను. మా సండే స్కూలు పిల్లలు దాన్ని చూడవలసిన సినిమాల జాబితాగా వాడుకున్నారని చాలాకాలం తర్వాత తెలిసింది.

అపొస్తలుల కార్యముల 17వ అధ్యాయం మరోసారి చదువు. ఏథెన్సులో చూసినవి పౌలు మనసును కలతపెట్టాయి. అయినా అరేయొపగు సభలో నోరు విప్పేసరికి ఆయన ఊరంతా తిరిగి ఉన్నాడు, ఒక బలిపీఠంమీది రాతను చదివి ఉన్నాడు, ఆ ఊరివాళ్లు ఎరిగిన కవుల మాటను ఉదహరించగలిగాడు. అలాగని విన్నదంతా ఒప్పుకోనూ లేదు, చివరికి మారుమనస్సు గురించి సూటిగానే చెప్పాడు.

నీ పాఠకుడికి విమర్శ కొత్తగా నేర్పవలసిన పనిలేదు. రాయలసీమ అనగానే తెరమీద వేటకొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలు వస్తాయి. తన వీధి అలా ఉండదని చిత్తూరు పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు, చూస్తూనే నవ్వుకుంటాడు. ఊరి విషయంలో అబద్ధాన్ని అంత సులువుగా పట్టుకున్న ఆ కన్నే, వద్దన్న అమ్మాయి వెంట పాట పొడుగునా తిరగడాన్ని ప్రేమ అంటే నమ్మేస్తుంది, నల్లగానో లావుగానో ఉన్న మనిషిని చూపించి నవ్వమంటే నవ్వేస్తుంది. ఆ చూపును ఇటు మళ్లించడమే నీ పని. దేవుని స్వరూపంలో చేయబడిన మనిషిని ఈ కథ ఎలా చూస్తోంది అని వాడే అడగాలి; జవాబు నువ్వే చెప్పేస్తే అది మరో ప్రసంగమవుతుంది, ప్రసంగాలు వాడికి ఆదివారం ఎలాగూ ఉన్నాయి.

సినిమా సంగీతమంతా లోకసంబంధమని ఒక్క వాక్యంలో కొట్టిపారేశావు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి పాటల పైన రాసిన రాగతాళాల పేర్లు చూడు. ఆ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) ఆ రాగాలను పరలోకం నుంచి తెప్పించలేదు, చుట్టూ వినబడుతున్న సంగీతం నుంచే తీసుకున్నారు.

2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం, పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడవచ్చని సినిమాకిచ్చే యూఏ ధ్రువపత్రాన్ని 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడదీసిందని తల్లిదండ్రుల కోసం ఒక మాట రాయి, అంతకుమించి వద్దు. ఆ ముద్ర వయసు చెబుతుందే గాని కథ విలువ చెప్పదు. ఇంకొకటి: తిరుపతిలోనైనా ఇక్కడైనా మన పిల్లల పక్క బెంచీలో కూర్చునేది ఎక్కువగా హిందూ స్నేహితులే. ఆ స్నేహితుడు పేజీ తీసుకుని చదివినా మనవాడు తలదించుకోవలసిన మాట అందులో ఉండకూడదు.

ఆరు సినిమాలూ వదిలెయ్. ఒక్కటి తీసుకుని, కూడికకు వచ్చే ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిసి చివరిదాకా చూడు. అందులో నీకు నచ్చినదేదో దాచకుండా ముందు రాయి, తర్వాతే తగాదా పెట్టుకో. వాళ్లలో ఎవరి వాదనైనా నీ వాదనకన్నా బలంగా ఉంటే, వాళ్ల మాటల్లోనే వేసి నాకు పంపు.

నీ అన్న