వైజాగ్ మెంటల్ హాస్పిటల్‌లో నిజంగా కట్టేసి షాకులిస్తారా?

మీ మావయ్యని వైజాగ్ తీసుకెళ్దామంటే ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి, అక్కడ గొలుసులేసి కరెంటు పెడతారంట నిజమేనా అని అడిగారు కదండీ. మా కోనసీమలో అల్లరి చేసే పిల్లోణ్ణి కూడా "చినవాల్తేరు పంపించేస్తా" అనే బెదిరిస్తారు, ఆ ఆసుపత్రి ఉండేది అక్కడే మరి, ఇంక భయం ఎందుకుండదు.

మా బాబాయిది కొబ్బరి వ్యాపారం, దింపుల దగ్గర ఒక్క కాయ లెక్క తప్పేవాడు కాదు. అలాంటి మనిషి రాత్రుళ్ళు పడుకోకుండా కాలవగట్టు మీద తిరగడం, పనోళ్ళు కాఫీలో ఏదో కలుపుతున్నారనడం. ఊళ్ళో గాలి సోకిందన్నారు, ఒకాయన నిమ్మకాయలకీ తాయెత్తులకీ గుంజిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బీపీ వస్తుంది, వదిలేయండి.

చివరికి నాన్నా నేనూ రాజమండ్రిలో రైలెక్కించి తీసుకెళ్ళాం. ఓపీలో డాక్టరమ్మ "ఎందుకొచ్చారండీ" అంటే బాబాయి నాన్నని చూపించి "మా అన్నయ్యకి నిద్ర పట్టట్లేదండి, చూపిద్దామని తీసుకొచ్చా" అన్నాడు! నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వకుండా "అలాగా, మరి మీకు పడుతోందా?" అంది. అంతే, మాకెవరికీ చెప్పనివన్నీ, కాఫీ సంగతీ, రాత్రుళ్ళు వినపడే గొంతులూ, అన్నీ ఆవిడ ముందు పెట్టేశాడు, మధ్యలో ఇక్కడ కాయ ఎంతకమ్ముతున్నారండీ అని కూడా అడిగాడు. గొలుసుల్లేవు, మాత్రలు రాసి ఇంటికి పంపేశారు. మాత్రలు ఉమ్మేస్తున్నాడంటే తర్వాత నెలకోసారి వేసే ఇంజెక్షన్‌కి మార్చారు, అలాంటిదొకటుందని చాలామందికి తెలీదు.

ఆ ఆసుపత్రి తెల్లోళ్ళప్పటిదండి. మానసిక రోగుల మీద తెచ్చిన 1912 చట్టం నడిచినన్నాళ్ళూ పోలీసులు పట్టుకొస్తే మేజిస్ట్రేట్ ఆర్డరుతో లోపలికి పంపేవాళ్ళు, మనోళ్ళు ఇంకా ఆ కథలే చెప్పుకుంటున్నారు. దాని బదులు 1987లో ఒకటి, అదీ తీసేసి 2017లో ఇంకోటి వచ్చాయి. ఇప్పుడు గొలుసులు వేయకూడదు, మత్తివ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ చేయకూడదు. మత్తిచ్చి చేసేది మాత్రం ఉంది, తిండి మానేసి చచ్చిపోతానంటున్న మనిషికి బాగా పనిచేస్తుంది కూడా. దీన్ని కామెడీ సీన్లు చేసిన సినిమావాళ్ళననాలి.

అసలు నన్నడిగితే ఈ జబ్బు సగం చుట్టాల వల్లే ముదురుతుంది. "మనిషి బాగానే ఉన్నాడుగా, ఇంకా ఆ మత్తుమందులెందుకు" అని మా పెద్దత్త మందులు మాన్పించింది, సంక్రాంతికల్లా బాబాయి మళ్ళీ కాలవగట్టు మీదే. అదే మాట సదరం సర్టిఫికెట్, అంటే గవర్నమెంటు ఇచ్చే వికలాంగుల సర్టిఫికెట్ కోసం తిరిగినప్పుడూ విన్నాం, "చూడ్డానికి బాగానే ఉన్నాడు" అని. మానసిక జబ్బు కూడా 2016 వికలాంగుల చట్టంలో ఉందయ్యా అంటే వింటేగా!

మీరు ముందు కాకినాడ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళండి, రంగరాయ మెడికల్ కాలేజీ వాళ్ళే చూస్తారు. వైజాగ్ సంగతి ఆ తర్వాత వాళ్ళు చెప్తే చూడొచ్చు. పెద్దరికానికి కారు నిండా జనాన్నేసుకెళ్ళొద్దు, రోజూ ఆయన్ని కనిపెట్టుకునుండే మీ అత్తయ్యని తీసుకెళ్ళండి, పాత చీటీలూ, బీపీ షుగర్ మాత్రలుంటే ఆ పేర్లూ పట్టుకెళ్ళండి. ఈలోగా రాత్రిపూట గొడవైతే 14416కి చేయండి, టెలీ మానస్ అని గవర్నమెంటుదే, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.